సిరిమాను మీంచి కిందికి చూసినట్టు

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఎక్కడున్నా మన కాళ్ల మీద మనం నిలబడినట్టుండదు, జనమే మనల్ని నిలబెట్టి ఉంచుతారు. మాను కదిలిందంటే చాలు, అందరి తలలూ ఒక్కసారే పైకి లేస్తాయి. అంత పొడుగు చింతమాను చివర, గాల్లో, ఆసనం మీద కూర్చున్న పూజారి కింద ఉన్న ఊరినంతా చూస్తూ వెళ్తుంటాడు. ఈసారి నా పక్కన మా మేనత్త కొడుకున్నాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు, హాస్టల్లో ఉంటాడు. అందరూ దండం పెట్టుకుంటుంటే వాడు నా చెవి దగ్గరకొచ్చాడు.

"బావా, మా రూమ్మేటుకి అచ్చం ఇలాగే అయ్యిందంట. మంచం మీద ఆడే పడుకున్నాడు, పైనుంచి ఆడే సూస్తన్నాడు. సిరిమాను మీద కూకున్నట్టు."

"ఎప్పుడు?"

"మొన్న సెలవులకి ఊరెళ్లినప్పుడు. ఆడు గంజాయి కొడతాడులే. దాంతో ఆత్మ బయటికెళ్లిపోద్దంట, నెట్‌లో శానా మంది రాశారు. నిజమేనేటి?"

"ఆ రాత్రి తాగేడా?"

"లేదు బావా, ఇంటికాడ వాళ్ల నాన్న ఉంటాడు కదా. అప్పటికి మానేసి అయిదు రోజులయ్యింది."

ఆ అయిదు రోజుల దగ్గరే ఉంది ముడి అంతా. ఆ గోలలో చెప్పే సంగతి కాదు కాబట్టి శ్రీకాకుళం తిరుగు బస్సులో చెప్పడం మొదలుపెట్టాను, ఊరు దిగేదాకా అవలేదు. ఎందుకంటే వాడు అడిగింది ఒక ప్రశ్న కాదు. కలలో ఉండగానే ఇది కల అని తెలిసిపోవడం ఒకటి, శరీరం బయట ఉన్నట్టు అనిపించడం ఇంకొకటి, గంజాయి కలల్ని ఏం చేస్తుందన్నది మూడోది. ఈ మూడింటినీ నెట్‌లో ఒకే గిన్నెలో వేసి కలిపేసి "మూడో కన్ను తెరుచుకోవడం" అని ఒక పేరు పెట్టేశారు. విడదీసి చూస్తే మూడూ ఒకే చోట కలుస్తాయన్న మాట నిజమే, కానీ వాళ్లు చెప్పే చోట మాత్రం కాదు.

ముందు నిద్ర సంగతి. మనం నిద్ర అంటే ఇంటి మెయిన్ ఆపేసినట్టు అనుకుంటాం, అది తప్పు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మన జిల్లాలో కరెంటు ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. ఒక ఫీడరు, అంటే ఆ వీధికి కరెంటు తెచ్చే లైను, బాగైతే ఆ వీధి వెలిగేది, పక్క వీధి చీకట్లోనే ఉండేది, ఒక్కోసారి ఒకే వీధిలో అటు వరసకి ఉండి ఇటు వరసకి ఉండేది కాదు. మెదడు నిద్రపోవడం, లేవడం కూడా అలాంటిదే. తెలివి ఒక ఫీడరు, కండరాలు ఒకటి, "నేను ఇక్కడ ఉన్నాను, నా చెయ్యి ఇక్కడుంది" అని చెప్పే లెక్క ఇంకొకటి. మామూలుగా అన్నీ ఇంచుమించు ఒకేసారి వస్తాయి కాబట్టి మనకి తేడా తెలియదు. ఒకటి ముందొచ్చి ఇంకొకటి వెనకపడితేనే ఈ కథలన్నీ పుడతాయి.

1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు ఒక సంగతి బయటపెట్టారు. నిద్రలో కొంతసేపు మూసిన రెప్పల కింద కళ్లు గబగబా అటూ ఇటూ తిరుగుతాయి, ఆ సమయంలో లేపితే చాలామంది కల వచ్చిందని చెబుతారు. అసెరిన్‌స్కీ తన కొడుక్కే తీగలు తగిలించి మొదట చూశాడట, ఈ రోజుల్లో అయితే ఇంట్లో గొడవైపోయేది. దానికే రెమ్ నిద్ర అని పేరు. పెద్దవాళ్ల నిద్రలో ఇది ఇంచుమించు 20 నుంచి 25 శాతం ఉంటుంది, సుమారు 90 నిమిషాలకో విడత చొప్పున వస్తుంది. మొదటి విడత పది నిమిషాల్లో అయిపోతే తెల్లవారేసరికి వచ్చేది అరగంట దాటుతుంది.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన ఇళ్లల్లో అంటారు కదా. నిజమవడం సంగతి నాకు తెలీదు గానీ, గుర్తుండిపోయేది మాత్రం ఆ కలే. అప్పుడు రెమ్ ఎక్కువసేపు ఉంటుంది, అందులోంచే నేరుగా మెలకువ వస్తుంది, దాంతో కల చేతికి చిక్కుతుంది. మిగతా రాత్రి కన్నవన్నీ కరిగిపోతాయి. కలకి మన వైపు ఉన్న బరువు తక్కువదేం కాదు. పైడితల్లి అమ్మవారు పతివాడ అప్పలనాయుడికి కలలో కనిపించి పెద్దచెరువులో తన విగ్రహం ఉందని చెప్పిందనే కదా కథ, ఇప్పటికీ ఏటా సిరిమాను ఏ ఊళ్లో ఏ చింతచెట్టో అమ్మ పూజారికి కలలో చెబుతుందనే నమ్ముతాం. ఆ నమ్మకం జోలికి నేను పోను. మెదడు కలని ఎలా తయారు చేస్తుందో చెప్పేవాళ్లకి, ఆ కలని పట్టుకుని ఒక ఊరు ఏం చేసుకుంటుందో చెప్పే పని లేదు.

రెమ్‌లో ఇంకో విచిత్రం ఉంది. కలలో పరిగెడుతున్నా మంచం మీద కాలు కదలదు. మెదడు కాండం దగ్గర నుంచి కండరాలకి వెళ్లే దారిని శరీరమే మూసేస్తుంది. ఫ్రాన్సులో మిషెల్ జువే అనే ఆయన పిల్లుల్లో ఆ మూసే భాగాన్ని దెబ్బతీసి చూస్తే, అవి నిద్రలోనే లేచి, లేని ఎలక మీదికి దూకాయి. (పెద్దవాళ్లెవరైనా రాత్రిళ్లు కలలో కొట్టుకుంటూ, పక్కనున్నవాళ్లని తన్నుతూ ఉంటే నవ్వేసి వదిలెయ్యకండి, న్యూరాలజిస్టుకి చూపించండి. పార్కిన్సన్స్ జబ్బుకి అది ఏళ్ల ముందే కనిపించే గుర్తు అయ్యే అవకాశం ఉంది.) ఈ మూతకి లొంగనివి ముఖ్యంగా రెండు. ఒకటి ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రమ్ కండరం, రెండోది కళ్లు.

కళ్లు లొంగవు అన్న ఆ చిన్న సంగతిని పట్టుకునే సైన్సు కలలోకి దూరింది.

కల అని తెలిసే కలకి లూసిడ్ డ్రీమ్ అని 1913లో డచ్ వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఏడెన్ పేరు పెట్టాడు, కానీ చాలాకాలం ఎవరూ నమ్మలేదు. నిద్రలో తెలివేంటి, మధ్యలో మెలకువ వచ్చి ఉంటుంది, అది కల అనుకుంటున్నారు అని కొట్టిపారేశారు. మన వాళ్లయితే ఇంత ఆశ్చర్యపడేవాళ్లు కాదేమో, జాగ్రత్, స్వప్నం, సుషుప్తి అనే గాఢనిద్ర, ఆపైన తురీయం అనే నాలుగో స్థితి అని మాండూక్య ఉపనిషత్తు ఎప్పుడో లెక్క వేసి పెట్టింది, టిబెట్ బౌద్ధులు కలలో ఎరుకతో ఉండడాన్ని సాధనగానే చేశారు. అయితే సాధన వేరు, రుజువు వేరు. రుజువు 1975 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని హల్‌లో దొరికింది. కీత్ హెర్న్ అనే పరిశోధకుడు ఆలన్ వర్స్‌లీ అనే అతనితో ముందే మాట్లాడుకున్నాడు, కలలో ఇది కల అని తెలియగానే కళ్లు ఎడమకి కుడికి ఇన్నిసార్లు తిప్పు అని. వర్స్‌లీ నిద్రపోయాడు, యంత్రం రెమ్ నిద్రే అని చూపిస్తోంది, ఒళ్లు చచ్చుబడి ఉంది, అప్పుడు కాగితం మీద గీత అటూ ఇటూ, అటూ ఇటూ, లెక్క తప్పకుండా గీసుకుంది. ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది, కల లోపల్నుంచి బయటికి వచ్చిన మొదటి కబురు అది. దీంతో సంబంధం లేకుండా అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ ఇదే పని చేసి 1981లో అచ్చు వేశాడు, పేరు ఎక్కువగా ఆయనకే వచ్చింది.

అక్కడితో ఆగలేదు. 2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ ల్యాబులు నాలుగు కలిసి అచ్చు వేసిన పరిశోధనలో నిద్రపోతున్నవాళ్లని లెక్కలు అడిగారు. ఎనిమిదిలోంచి ఆరు పోతే ఎంత అని వినిపిస్తే, కలలో ఉన్న మనిషి కళ్లు రెండుసార్లు తిప్పి జవాబిచ్చాడు. అయితే ఈ వార్తని మనవాళ్లు షేర్ చేసినంత గొప్పగా మాత్రం జరగలేదు, 158 సార్లు అడిగితే సరైన జవాబు వచ్చింది 29 సార్లే, సగానికి పైగా అసలు స్పందనే లేదు. అయినా తప్పు జవాబులు 5 మాత్రమే అన్నది చూస్తే గుడ్డిదెబ్బ కాదని తెలుస్తుంది.

మరి మనకెందుకు రాదు అంటే, చాలామందికి వచ్చే ఉంటుంది. వేర్వేరు దేశాల్లో చేసిన సర్వేలన్నీ కలిపి 2016లో లెక్క కడితే, జీవితంలో ఒక్కసారైనా వచ్చిందన్నవాళ్లు 55 శాతం దాకా తేలారు. పీడకలలో పరిగెడుతూ పరిగెడుతూ "ఛీ, ఇది కలే" అనుకుని లేచిపోయి ఉంటే మీకూ వచ్చినట్టే. రెమ్‌లో నుదుటి వెనకుండే, మంచీ చెడూ బేరీజు వేసే భాగం మందగిస్తుంది, అందుకే చనిపోయిన తాతయ్య పక్కన కూర్చుని పరీక్ష రాస్తున్నా మనకి అనుమానం రాదు. కల నడుస్తుండగానే ఆ భాగం కాస్త వెలిగితే, అదే ఎరుక.

కావాలని తెప్పించుకునే పద్ధతులు ఉన్నాయి, మాయేమీ లేదు వాటిలో. పగలు అప్పుడప్పుడూ ఆగి నిజంగా అనుమానంతో వేళ్లు లెక్కపెట్టుకోవడం, ఒక బోర్డు చదివి మళ్లీ చదవడం అలవాటు చేసుకుంటే, కలలోనూ ఆ అలవాటు బయటికొస్తుంది. కలలో వేళ్ల లెక్క తప్పుతుంది, అక్షరాలు రెండోసారికి మారిపోతాయి. లబెర్జ్ పద్ధతి ఇంకా సూటిది, అయిదు గంటలు పడుకుని లేచి, అప్పుడొచ్చిన కలని గుర్తు తెచ్చుకుని, "మళ్లీ కల వస్తే అది కల అని గుర్తు పడతాను" అని మనసులో గట్టిగా అనుకుంటూ నిద్రలోకి జారాలి. ఆస్ట్రేలియాలో డెన్‌హోమ్ యాస్పీ చేసిన పరిశోధనలో ఇలాంటి పద్ధతులు కలిపి వాడినవాళ్లకి వారం రోజుల్లో 17 శాతం రాత్రుల్లో పని జరిగింది, అలా అనుకున్నాక అయిదు నిమిషాల్లోపే నిద్రపట్టినవాళ్లకైతే 46 శాతం. కళ్లకి కట్టుకునే మెరుపుల మాస్కులు, సబ్‌స్క్రిప్షన్ యాప్‌లు, వీటి మీద డబ్బు పెట్టకండని నా సలహా. గాలంటమీన్ అనే బిళ్ల వేసుకుంటే ఎక్కువగా వస్తాయని పరిశోధన ఉన్న మాట నిజమే గానీ, అది అల్జైమర్స్ రోగులకి రాసే మందు, ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మింగే వస్తువు కాదు. నిద్ర సరిపోనివాళ్లు, ఏది నిజమో ఏది కాదో తేల్చుకోలేని మానసిక ఇబ్బంది ఎప్పుడైనా వచ్చినవాళ్లు ఈ ఆట ఆడకపోవడమే మంచిది.

ఇంకొకటుంది, ఇది నేను స్వయంగా పడ్డాను. లేచినట్టు వచ్చే కల. ఒకప్పుడు పొద్దున్నే ఆమదాలవలస స్టేషన్‌లో రైలు ఎక్కాల్సి ఉండి, రాత్రంతా టెన్షన్‌తో పడుకున్నాను. లేచాను, మొహం కడిగాను, అమ్మ టీ ఇచ్చింది, ఆటో ఎక్కాను, టికెట్టు తీసి చూస్తే దాని మీద అక్షరాలు పాకుతున్నాయి. మెలకువ వచ్చింది. హమ్మయ్య అని లేచి మళ్లీ మొహం కడుక్కుంటుంటే కుళాయిలోంచి నీళ్లు పైకి పోతున్నాయి. మూడోసారి నిజంగా లేచేసరికి రైలు వెళ్లిపోయింది.

ఇప్పుడు సిరిమాను దగ్గరికొద్దాం, అంటే పైనుంచి చూడడం దగ్గరికి.

దానికి ముందు మెట్టు ఒకటుంది, అది మీ ఇంట్లో ఎవరికో ఒకరికి జరిగే ఉంటుంది. మెలకువ వచ్చింది, గది కనిపిస్తోంది, ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది, కానీ వేలు కూడా కదలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, గుమ్మం దగ్గర ఏదో నల్లగా నిలబడ్డట్టు. దెయ్యం గుండెల మీద కూర్చుంది అంటారు. మా మామ్మ దీనికి దిండు కింద చాకు పెట్టేది. డాక్టర్లు స్లీప్ పెరాలసిస్ అంటారు. తెలివి ఫీడరు వచ్చేసింది, కండరాల ఫీడరు ఇంకా రాలేదు, అంతే. రెమ్‌లో పక్కటెముకల మధ్య కండరాలు వదులైపోయి డయాఫ్రమ్ ఒక్కటే ఊపిరి ఆడిస్తుంది కాబట్టి, గట్టిగా పీల్చుకుందామని చూస్తే రాదు, దాన్నే మనం బరువు అనుకుంటాం. సగం కల ఇంకా నడుస్తూనే ఉంటుంది కాబట్టి గుమ్మం దగ్గర నీడ. వెల్లకిలా పడుకున్నప్పుడు, నిద్ర చాలనప్పుడు, వేళాపాళా లేకుండా పడుకున్నప్పుడు ఎక్కువ. చాకు వల్ల ఏం కాదు గానీ పక్కకి తిరిగి పడుకుంటే చాలామందికి తగ్గుతుంది. కదలలేకపోతే మొత్తం ఒంటితో పెనుగులాడకుండా ఒక్క కాలి బొటనవేలు కదిపే ప్రయత్నం చెయ్యండి. తరచూ వస్తూ, పగటిపూట కూడా ఉన్నపళంగా నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఈ స్థితిలోనే కొందరికి ఒళ్లు తేలిపోయినట్టు, పక్కకి దొర్లి బయటికి జారిపోయినట్టు, పైకి లేచి కిందనున్న తమని తామే చూసుకున్నట్టు అవుతుంది. దీన్ని అబద్ధం అనకూడదు, చూసినవాడు నిజంగానే చూశాడు. చూసింది ఎక్కడినుంచి అన్నదే ప్రశ్న. 2002లో జెనీవాలో ఓలాఫ్ బ్లాంకె అనే న్యూరాలజిస్టు బృందం మూర్ఛ రోగి ఒకామెకి ఆపరేషన్ ముందు పరీక్ష చేస్తూ, మెదడు కుడివైపు, చెవికి పైన కాస్త వెనగ్గా ఉండే యాంగ్యులర్ జైరస్ అనే చోట చిన్న కరెంటు ఇచ్చారు. కరెంటు తక్కువగా ఉన్నప్పుడు మంచంలోకి కూరుకుపోతున్నట్టుంది అంది. పెంచారు. నేను పైనుంచి మంచం మీద పడుకున్న నన్ను చూస్తున్నాను, కాళ్లూ నడుమూ మాత్రమే కనిపిస్తున్నాయి అంది. మళ్లీ ఇచ్చారు, మళ్లీ తేలింది. ఆత్మ బయటికి వెళ్లడానికి స్విచ్ ఉండడమేంటి?

ఆ చోటులో జరిగే పని తెలిస్తే వింత తగ్గుతుంది. కళ్లు చెప్పేది, చర్మం, కీళ్లు చెప్పేది, లోపలి చెవి చెప్పే తూకం, ఈ మూడింటినీ కలిపి "నేను ఇదిగో ఈ ఒంట్లో, ఈ చోట ఉన్నాను" అని మెదడు అక్కడే క్షణక్షణం లెక్క కడుతుంది. మనం ఒంట్లో ఉన్నామన్నది పుట్టుకతో వేసిన మేకు కాదు, ఆగకుండా కట్టే లెక్క. ఆ లెక్కకి వచ్చే అంకెలు తప్పితే జవాబు తప్పుతుంది. 2007లో రెండు బృందాలు మామూలు ఆరోగ్యవంతులకే కెమెరా, కళ్లద్దాల తెరలు పెట్టి, వాళ్ల బొమ్మనే వాళ్లకి ఎదురుగా చూపిస్తూ ఒకేసారి తాకితే, "నేను అక్కడున్నాను" అన్న భావం కొంత జరిగిపోయిందని చూపించారు. రెమ్‌లో ఒళ్లు కబురు పంపదు, కళ్లు మూసి ఉన్నాయి, లోపలి చెవి తాలూకు భాగాలు వాటంతట అవే మెరుస్తుంటాయి, కలల్లో ఎగరడం, జారి పడడం అంత మామూలుగా ఉండేది అందుకేనని చాలామంది అంటారు. అలాంటప్పుడు తెలివి ఒక్కటీ మేల్కొంటే, ఆ తప్పు లెక్కని మనం నిజంగా చూస్తాం.

అయితే నిజంగా బయటికెళ్లి చూశారా అని పరీక్షించలేదా అంటే, చేశారు. సామ్ పర్నియా బృందం గుండె ఆగి బతికినవాళ్ల మీద చేసి 2014లో అచ్చు వేసింది, 15 ఆసుపత్రులు, 2060 సంఘటనలు. పైకప్పు దగ్గరగా అలమరలు బిగించి, పైనుంచి చూస్తే తప్ప కనిపించని బొమ్మలు పెట్టారు. ఆ బొమ్మ చూశానన్నవాళ్లు ఒక్కరూ తేలలేదు. కాకపోతే న్యాయంగా చెప్పాలంటే, చూసిన, విన్న సంగతులు గుర్తున్నాయని చెప్పిన ఇద్దరికీ గుండె ఆగింది అలమర లేని గదుల్లో. అందుకని ఇదంతా అబద్ధమని తేలిపోయిందని కొట్టిపారెయ్యడానికీ లేదు, తేలలేదు కాబట్టి ఆత్మేనని అనడానికీ లేదు. పరకాయ ప్రవేశం కథ విని పెరిగినవాళ్లం కాబట్టి మన మొగ్గు ఎటో మనకి తెలుసు, అందుకే ఇక్కడ నేను నన్నే ఎక్కువ అనుమానిస్తాను.

ఇక గంజాయి.

1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, యెహియెల్ గవోని కలిసి గంజాయిలో మత్తెక్కించే పదార్థాన్ని శుద్ధంగా విడదీశారు, అదే టీహెచ్‌సీ. అది మెదడులో అతుక్కునే తాళం లాంటి చోటు ఉందని 1988లో తెలిసింది. ఆ తాళం ఎక్కడో పెరిగే మొక్క కోసం మన తలలో ఉండదు కదా, మన ఒంట్లోనే దానికి తాళంచెవి ఉండాలి అని వెతికితే 1992లో దొరికింది, దానికి వాళ్లు పెట్టిన పేరు ఆనందమైడ్. అవును, మన ఆనందమే, సంస్కృతం నుంచి తీసుకున్నారు. ఆకలి, నొప్పి, జ్ఞాపకం, నిద్ర, వీటన్నింటిలో ఆ వ్యవస్థకి చెయ్యి ఉంది.

టీహెచ్‌సీ ఆ వ్యవస్థలోకి బయటినుంచి దూరినప్పుడు చాలామందికి నిద్ర తొందరగా పడుతుంది. అదే సమయంలో రెమ్ తగ్గుతుంది. 1970ల్లోనే అమెరికాలో ఇర్విన్ ఫైన్‌బర్గ్ బృందం ల్యాబులో టీహెచ్‌సీ ఇచ్చి చూస్తే రెమ్ నిద్రా తగ్గింది, అందులో కళ్లు తిరగడమూ తగ్గింది, ఆపేశాక రెండూ ఎగసిపడ్డాయి. రోజూ తాగేవాళ్లని అడిగి చూడండి, "నాకసలు కలలే రావు" అంటారు. తూము మూసేసినట్టు అన్నమాట. లోపల చెరువు నిండుతూ ఉంటుంది. మానేసిన రోజు తూము ఎత్తేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా, అన్ని రోజుల రెమ్ ఒక్కసారి మీద పడుతుంది. మానేశాక ఒకటి నుంచి మూడు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం మొదలై, మొదటి వారంలో బాగా పెరిగి, రెండు వారాలకి చాలావరకు తగ్గుతాయి. కలలు మాత్రం ఇంకా ఆలస్యంగా సర్దుకుంటాయి, కొందరికి నెల పైనే పడుతుంది. విపరీతమైన రంగులతో, కంపరం పుట్టించే కలలు, కలలో మళ్లీ గంజాయి తాగేసి "అయ్యో తాగేశాను" అని ఏడ్చి లేవడం, ఇవన్నీ మామూలే. రోజూ వాడేవాళ్లలో తగ్గిపోయిన ఆ తాళాల సంఖ్య ఇంచుమించు నాలుగు వారాల్లో మామూలు స్థాయికి వస్తుందని మెదడు స్కానుల్లో చూశారు. సారా కూడా రెమ్‌ని తొక్కిపెడుతుంది, రోజూ తాగేవాడు మానేసినప్పుడు వచ్చే భయంకరమైన కలలకి అదొక కారణం. అయితే రోజూ బాగా తాగేవాళ్లు సారాని సొంతంగా ఒక్కసారి ఆపెయ్యకూడదు, ఫిట్స్ రావచ్చు, డాక్టరు చేతిలో ఉండాలి.

ఇప్పుడు ఆ కుర్రాడి రాత్రి చూడండి. గంజాయి మానేసి అయిదు రోజులు, అంటే రెమ్ ఎగసిపడే నడిమధ్య. సెలవులు కాబట్టి తెల్లవారేదాకా ఫోన్ చూసి, పొద్దెక్కేదాకా పడుకుని ఉంటాడు, రెమ్ చిక్కగా ఉండే వేళ అదే. నిద్ర తెగి తెగి వస్తోంది, మానేసిన వారంలో అంతే. అంత రెమ్ మధ్యలో మాటిమాటికీ మెలకువ వస్తే తెలివి ముందొచ్చి ఒళ్లు వెనకపడే అవకాశం పెరుగుతుంది. పైకి తేలాడు, కిందికి చూశాడు. ఇదంతా గంజాయి చేసిన మహిమ అనుకున్నాడు. నిజానికి గంజాయి లేకపోవడం చేసిన పని అది. తాగుతున్నన్నాళ్లూ ఆ కలని మూసిపెట్టింది అదే.

మరి తాగినప్పుడే ఒళ్లు నాది కానట్టు ఉంటుందని కొందరంటారే అని మావాడు అడిగాడు. ఉంటుంది, మెలకువగా ఉండగానే చేతులు పరాయివిలా, లోకం గాజు వెనకున్నట్టు అనిపించడం, దానికి తోడు గుండె దడ. అది వేరే సంగతి, చాలాసార్లు హడలిపోవడం తప్ప దాంట్లో ప్రయాణమేమీ లేదు. గంజాయి కొట్టి లూసిడ్ డ్రీమ్ తెప్పించుకుంటానన్న ఆలోచనైతే నాకు నవ్వొస్తుంది. దానికి రెమ్ కావాలి, ఇది రెమ్‌నే తగ్గిస్తుంది. దానికి "గుర్తు పడతాను" అన్న మాట గుర్తుండాలి, ఇది ముందుగా మసకబార్చేది ఆ జ్ఞాపకాన్నే.

రెండో వైపూ చెప్పాలి. కలల్ని తొక్కిపెట్టే ఈ గుణాన్నే వైద్యం కొంత వాడుకోవాలని చూసింది. కెనడాలో యుద్ధాలు, దాడులు చూసి ఏళ్ల తరబడి పీడకలలతో బాధపడేవాళ్లకి నబిలోన్ అనే, టీహెచ్‌సీలా పనిచేసే కృత్రిమ మందు ఇస్తే, 2009లో అచ్చైన ఒక నివేదికలో 47 మందిలో 72 శాతానికి పీడకలలు ఆగాయి లేదా బాగా తగ్గాయి. మందు లేని బిళ్లతో పోల్చి చూసింది కాదది, చిన్నది కూడా, అందుకని దాన్ని చూపించి హాస్టల్ గదిలో చుట్టే దానికి వైద్యం అని పేరు పెట్టకూడదు. గదిలో చుట్టే దాంట్లో టీహెచ్‌సీ ఎంతుందో ఎవడికీ తెలీదు. యూరప్‌లో, బ్రెజిల్‌లో చేసిన పెద్ద పరిశోధన ఒకటి 2019లో వచ్చింది, ఘాటు ఎక్కువున్న గంజాయి రోజూ తాగేవాళ్లలో, అసలు తాగనివాళ్లతో పోలిస్తే, సైకోసిస్ అనే మతి చలనం ముప్పు అయిదింతల దగ్గరకొచ్చింది. కల ఏదో నిజం ఏదో తెలియకపోవడం కలలో అయితే ముచ్చటే, పగటిపూట అయితే ఇల్లంతా కూలుతుంది. చట్టం సంగతి కూడా వాడికి చెప్పాను, ఎందుకంటే ఒడిశా సరిహద్దు కొండలు మనకి దగ్గర, సరుకు తేలిగ్గా చేతికందుతుంది, పిల్లలకేమో అది ఆటలా ఉంటుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కింద కిలో లోపు దొరికినా ఏడాది దాకా జైలు పడవచ్చు, 20 కిలోలు దాటితే పదేళ్లకి తక్కువ ఉండదు.

"అయితే ఆడికేటి సెప్పమంటావు?" అన్నాడు. పిచ్చి పట్టలేదని ముందు చెప్పమన్నాను. పీడకలలకి భయపడి నిద్ర కోసం మళ్లీ ఒక్క దమ్ము అని మొదలుపెడితే తూము మళ్లీ మూసుకుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది, చాలామంది జారేది అక్కడే. కొన్ని వారాలు ఓపిక పట్టాలి, ఒకే వేళకి పడుకోవాలి, పక్కకి తిరిగి పడుకోవాలి, భయం మరీ ఎక్కువైతే, మనసు బాగా కుంగితే 14416కి ఫోన్ చెయ్యాలి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహా లైను అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ మాట అనగానే వాడు నంబరు ఫోన్‌లో ఎక్కించుకున్నాడు.

వేళ్లు లెక్కపెట్టే సంగతి మాత్రం వాడు తన కోసం దాచుకున్నట్టున్నాడు. మూడు వారాల తర్వాత ఒక పొద్దున్నే మెసేజ్ పెట్టాడు. "బావా, కలలో ఏళ్లు లెక్కెట్టాను, ఏడొచ్చాయి. ఓలమ్మో కల అనుకున్నాను, అంతే, మెలకువొచ్చేసింది." మొదటిసారి ఆ సంబరానికే చాలామందికి లేచిపోతుందని రాశాను. ఈసారి అలా అయితే కలలోనే రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకో, లబెర్జ్ చెప్పిన చిట్కా అది, చేతుల్లో ఏదో తగులుతున్నంతసేపు కల నిలబడుతుంది అని చెప్పాను.